తొంభయ్యో అతుకు

1,103వ రోజు

స్టేషను పుస్తకంలో మూడే గళ్ళున్నాయి: వేళ, ఒత్తిడి, ఉప్పు. ఇంకేం రాసినా రాజధాని నుంచి మందలింపు వస్తుంది. అందుకని మిగిలినవి ఈ నోటుబుక్కులో రాసుకుంటున్నాను. రోజుల లెక్క మాత్రం రెండింటిలోనూ ఒకటే. మా నీలగట్టు దేశం ఎనిమిది దేశాల కూటమి నుంచి బయటికొచ్చిన రోజు ఒకటో రోజు. ఆ రోజుని అందరూ విడుపు అంటారు. ఈవేళ వెయ్యీ నూట మూడు.

పొద్దున్నే కరెంటిచ్చే ఎండ పలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. నీళ్ళ జల్లెడ కడిగాను. చోడి అంబలి కాచుకుని తాగుతుంటే సగంలో గుర్తొచ్చింది, ఉప్పు వెయ్యడం మరిచిపోయానని. కానీ అంబలి ఉప్పగానే ఉంది.

మీటరు చూశాను. ఉప్పు లీటరుకి గ్రాము దాటింది. పోయిన నెల అందులో సగం కూడా లేదు.

మా మంచినీళ్ళన్నీ సముద్రం అడుగున గొట్టంలో మిత్తలా దేశం నుంచి వస్తాయి. వాళ్ళకి కొండలున్నాయి, వానలున్నాయి, పెద్ద సరస్సుంది. మావి స్తంభాల మీద ఇళ్ళు, చుట్టూ ఉప్పునీళ్ళు. గొట్టానికి ఈ చివర వాల్వు తిప్పేది నేను. ఆ చివర లైంగ్ గారు. కూటమిలో ఉన్నన్నాళ్ళూ గొట్టం నిండా నీళ్ళొచ్చేవి. విడుపు తర్వాత సగమే వదులుతున్నారు. దాంతో లోపల ఒత్తిడి పడిపోయింది. ఎక్కడైనా అతుకు వదులైతే చాలు, పోటు వేళ సముద్రమే లోపలికి తోసుకొస్తుంది.

ఆరింటికి ఫోను చేశాను.

"ఒత్తిడి రెండు పాయింటు నాలుగు. మీ వైపు ఎంత?" అన్నాను.

"రెండు పాయింటు ఆరు," అన్నారు లైంగ్ గారు.

ఉప్పు పెరుగుతోందని చెప్పడానికి లేదు. విడుపు తర్వాత మా ప్రభుత్వం, కూటమి కలిసి ముప్ఫై ఒక్క వాక్యాలు ఖాయం చేశాయి. మేం మాట్లాడుకోవలసినవి అవే. అందులో ఉప్పు అనే మాట లేదు. ఎందుకంటే ఉప్పు ఉందని ఒప్పుకుంటే తప్పు ఎవరిదో తేల్చాలి.

"సందేశం ముగిసింది," అన్నాను.

"సందేశం ముగిసింది," అన్నారు.

1,106వ రోజు

లైంగ్ గారిని నేనెప్పుడూ చూడలేదు. పందొమ్మిదేళ్ళుగా రోజుకి రెండుసార్లు ఆయన గొంతు వింటున్నాను, అంతే.

మొదట్లో ఫోనులో తర్జుమా యంత్రం ఉండేది. ఆయన వాళ్ళ భాషలో మాట్లాడితే నాకు తెలుగులో వినబడేది. మూడో ఏడు ఒక పొద్దున ఆయన యంత్రం కట్టేసి, కూడబలుక్కుని తెలుగులో అన్నారు: "దానేశ్వరీ గారూ, ఆ మిసను మీ గొంతు తినీస్తంది. నాకు మీ గొంతే ఇనాలనుంది." యంత్రం వెనక సన్నగా వినిపించే నా మాటలు పట్టుకుని నేర్చుకున్నారట. అందుకే ఆయన తెలుగంతా మా రేవు యాస. ఇక్కడ అందరూ నన్ను దానప్ప అంటారు. పూర్తి పేరుతో పిలిచేది ఆయనొక్కరే.

ఏం మాట్లాడుకునేవాళ్ళం? ఏ కూర వండానో నేను చెప్పేదాన్ని. పెరట్లో ఆవాల మొక్క ఎంత ఎత్తెదిగిందో ఆయన చెప్పేవారు. మా ఆయన పోయిన వారం, ఫోనెత్తి నేనేమీ మాట్లాడలేకపోతే, లైంగ్ గారు పెట్టెయ్యకుండా అరగంట అలాగే ఉండిపోయారు. అటు రేకుల మీద వాన పడుతున్న చప్పుడు వినిపించింది. మా దేశంలో వాన అరుదు. ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను.

ఇప్పుడు ముప్ఫై ఒక్క వాక్యాలు. వాటిలో కూర లేదు, ఆవాల మొక్క లేదు.

1,111వ రోజు

ఉప్పు గ్రామున్నర. కోదండాన్ని నీళ్ళలోకి దించాను. మా స్టేషను గజ ఈతగాడు అతను. పదేళ్ళుగా ఈ గొట్టం అతుకులన్నీ అతని చేతుల్లోనే ఉన్నాయి. పొద్దున దిగినవాడు మధ్యాహ్నానికి పైకొచ్చి, తువ్వాలు చుట్టుకుని బల్ల మీద కూలబడ్డాడు.

"ఎనభై తొమ్మిది వరకూ సూసినానప్పా. అన్నీ గట్టిగానే ఉన్నాయి. వదులైంది తొంభయ్యోదే."

తొంభయ్యో అతుకు సరిగ్గా సరిహద్దు గీత మీద ఉంది. సగం మాది, సగం వాళ్ళది. దాన్ని ముట్టుకోవాలంటే రెండు దేశాల అనుమతీ కావాలి. పైగా రెండు చివర్లా వాల్వులు ఒకే క్షణంలో మూయాలి, ఒకే వేగంతో తెరవాలి. ఒకరు ముందూ ఒకరు వెనకా అయితే నీటి దెబ్బకి గొట్టమే పగిలిపోతుంది.

"సంద్రకాంతం కాల్లు సూసినావా?" అన్నాడు కోదండం. చంద్రకాంతం అతని భార్య. ఏడో నెల. "బూరెల్లాగ పొంగిపోయినాయి. బీపీ కూడా ఎక్కువుందంతన్నారు. ఉప్పు మానీమన్నాడు డాక్టరు. నీల్లలో ఉన్న ఉప్పుని ఎలాగ మానీడం?"

వేడి అంబలి గ్లాసు అతని చేతికిచ్చాను.

"నాను విడుపుకే ఓటేసినానప్పా. దాచుకోడానికేటుంది? కూటమోలు ఏడాదిలో అయిదు నెల్లు వేట మూసీసినారు. మన సముద్రంలో మనం వల ఏస్తే దొంగలమన్నారు. ఇప్పటికీ అడిగితే అలగే ఏస్తాను. కానీ నీల్లు ఇలగైపోతాయని ఎవులు సెప్పినారు?"

నేనూ విడుపుకే ఓటేశాను. నా తమ్ముడు ఎర్రయ్య వేట మూసిన నెలలో పడవ బయటికి తీశాడని కూటమి గస్తీవాళ్ళు దాన్ని పట్టుకుపోయారు. తిరిగివ్వలేదు. వాడిప్పుడు నాచు కార్ఖానాలో రోజంతా నిలబడి నాచు తరుగుతున్నాడు. సముద్రం వైపు చూడను కూడా చూడడు. ఓటు రోజున నాకు వాడి ముఖమే గుర్తుంది. ఈ ఫోను గుర్తు రాలేదు.

పడవ సంగతి లైంగ్ గారికి అప్పుడే చెప్పాను. ఓటు సంగతి చెప్పలేదు.

1,119వ రోజు

రాజధాని నుంచి విదేశాంగ శాఖ ఉపకార్యదర్శి వచ్చింది. పేరు అపరంజి. ముప్ఫై అయిదు దాటవు. పడవ దిగగానే గ్లాసుడు నీళ్ళడిగింది. ఒక గుక్క తాగి, మిగతావి పారబొయ్యకుండా చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"మేం కూటమికి ఉత్తరం రాశామండీ. జవాబు కూడా వచ్చింది. బయటి దేశాల మరమ్మతు దరఖాస్తు నింపమన్నారు. అది నింపితే, గొడవొచ్చినప్పుడు కూటమి కోర్టు తీర్పుకి కట్టుబడాలి."

"నింపీండి," అన్నాను.

"ఆ కోర్టు వద్దనే కదా బయటికొచ్చాం? మూడు నెలల్లో ఎన్నికలు. ఆ కాగితం మీద సంతకం పెట్టే మంత్రి ఎవరూ లేరు."

"మరి ఆలకేటి? మనుషులు ఉప్పునీల్లు తాగుతున్నారని తెల్దా?"

"తెలుసు. వాళ్ళ భయాలు వాళ్ళవి. మనకి తేలిగ్గా ఇచ్చేస్తే, మిగిలిన ఏడు దేశాల్లో ఇంకొకరు కూడా బయటికెళ్తామంటారని."

"పోనీ మిత్తలావోలు ఇడిగా మనతోటి మాటాడకూడదా? గొట్టం ఆలదీ మనదీ. మిగతావోలకి ఏటి సంబంధం?"

అపరంజి గ్లాసు వైపు చూసింది. "కూటమిలో ఉన్న దేశం బయటివాళ్ళతో విడిగా మాట్లాడకూడదని రూలు. మనం ఉన్నప్పుడు మనమే పట్టుబట్టి రాయించాం దాన్ని."

వెళ్ళేముందు గోడ దగ్గర ఆగింది. అక్కడ సముద్ర రక్షణ నియమాల రేకు ఉంది. మా అమ్మ ఈ స్టేషన్లో పనిచేసిన రోజుల్లోనూ ఉండేది. కూటమి కంటే పాతది. అపరంజి వేలు పెట్టి నాలుగో నియమం పైకే చదివింది: "నీళ్ళలో మనిషి ఉన్నంతసేపూ దగ్గరి స్టేషన్లు ఏ మాటైనా మాట్లాడుకోవచ్చు, ఏ సాయమైనా అడగవచ్చు, చేయవచ్చు."

"ఇది ఇంకా అమల్లోనే ఉందండీ," అంది నా వైపు తిరక్కుండా. "రద్దు చెయ్యాలని ఇటు మాకూ తట్టలేదు, అటు వాళ్ళకీ తట్టలేదు."

పడవెక్కి వెళ్ళిపోయింది.

1,127వ రోజు

ఉప్పు రెండు గ్రాములు దాటింది. ప్రధానమంత్రి ప్రసంగం రేవులో అందరం నిలబడి విన్నాం. ఉప్పు తీసే కార్ఖానా పద్దెనిమిది నెలల్లో పూర్తవుతుందట. అంతవరకూ ప్రజలు ఆత్మగౌరవంతో ఓర్చుకోవాలట. కొందరు చప్పట్లు కొట్టారు. చంద్రకాంతం కొట్టలేదు. గోడకి ఆనుకుని, కళ్ళ ముందు మెరుపుల్లా వస్తున్నాయంది. ఆమెని ఆసుపత్రి పడవ ఎక్కించాం. రేవులో ఇంకా పదకొండు మంది గర్భిణులున్నారు.

ఆసుపత్రి నుంచి కోదండం తిన్నగా స్టేషనుకొచ్చాడు. నేను గోడ మీది రేకు చూపించాను. అతను రెండుసార్లు చదివాడు.

"నీల్లలో మనిషుండాల. అంతే కదా?"

"అంతే."

"అయితే నానుంటాను."

"గీత దాటితే గస్తీవోలు పట్టుకుంటారొరే. మనోలు కూడా ఊరుకోరు."

"పట్టుకోనీ. నాను పడిపోయినానని సెప్పు. దూకినానని సెప్పు. నీకేటి తోస్తే అది సెప్పు."

1,130వ రోజు

కోదండం తెల్లారాక ఏడింటికి గీత దగ్గరికి చేరాడు. పడవకి లంగరు వేసి, నడుముకి తాడు కట్టుకుని, నాకు వైర్లెస్సులో "ఎల్తన్నానప్పా" అని చెప్పి దూకాడు. నేను ఫోనెత్తాను.

"మిత్తలా స్టేషన్. సరిహద్దు దగ్గర నీళ్ళలో మనిషున్నాడు."

ముప్ఫై ఒక్క వాక్యాల్లో లేని వాక్యం. అటు కుర్చీ జరిగిన చప్పుడైంది.

"దానేశ్వరీ గారూ! ఎవులు? ఊపిరుందా?"

మూడేళ్ళ తర్వాత నా పేరు విన్నాను.

"ఉందండి. మా కోదండం. తనంతట తనే దిగినాడు."

లైంగ్ గారు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తే నాకు తెలుస్తుంది, ముక్కుతో గట్టిగా ఊపిరి తీస్తారు.

"తొంభయ్యో అతుకేనా?"

"అదే."

"మీ ఒత్తిడి అంకెలు సూసి, అతుకు మీద బిగించే కొత్త పట్టీ రెండు నెల్ల కిందటే సేయించి పెట్టినాను. ఎలగ పంపాలో తెల్క బీరువాలో దాసినాను. మా పిల్ల నాన్వే ఈతలో గట్టిది. ఇప్పుడే పంపుతన్నాను." నాన్వే వాళ్ళ స్టేషను ఈతగత్తె.

ఎనిమిదింటికి ఇద్దరం వాల్వులు పట్టుకున్నాం. "మూడు, రెండు, ఒకటి," అని ఇద్దరం ఒక్కసారే అన్నాం, ఒక్కసారే తిప్పాం. ముల్లు సున్నాకి పడింది. రెండు దేశాల మధ్య గొట్టం నిశ్శబ్దమైపోయింది. ఇక కింద పనిచేసేది ఆ ఇద్దరే. మేం ఫోను పట్టుకుని కూర్చోవాలి.

మూడేళ్ళుగా దాచుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. చివరికి ఆయనే అడిగారు.

"నిన్న ఏటి వండినారు?"

"ఎండురొయ్యలు, బీరకాయ. ఉప్పెయ్యనేదు."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. ఆయనకి మోకాలు నొప్పట. ఆవాల మొక్కలు పీకేసి మిరప వేశారట. ఫోను మీద పిచ్చుక వాలుతోందట, దాని పేరు కూడా దానేశ్వరేనట. "అది కూడా మద్దిలో మద్దిలో కేకలేస్తంది," అన్నారు. నేను చాలా రోజుల తర్వాత పైకి నవ్వాను.

మధ్యాహ్నానికి కూటమి గస్తీ ఓడ వచ్చింది. అందరూ పైకి రావాలని మైకులో అరిచింది. లైంగ్ గారు నన్ను ఆగమని, రెండో లైనులో వాళ్ళ భాషలో కెప్టెనుతో మాట్లాడారు. నాకు అర్థమైంది ఒక్క మాటే, మనుషులు అనే మాట. అది మాత్రం నేనూ నేర్చుకున్నాను. ఓడ అరుపు ఆగింది. కోదండం తర్వాత చెప్పాడు, ఆ కెప్టెను ఓడని అలలకి అడ్డంగా తిప్పి, పని అయ్యేదాకా అక్కడే నిలబెట్టాడని.

ఒంటిగంటకి చెప్పేశాను.

"లైంగ్ గారూ, నాను విడుపుకే ఓటేసినాను."

"తెల్సు."

"ఎలాగ?"

"ఆ వారం మీరు ఏటి వండినారో సెప్పనేదు."

ఆయనే మళ్ళీ అన్నారు.

"మీ తమ్ముడి పడవ పట్టుకుంది మా దేశం గస్తీయే. మీరు సెప్పిన రోజే నాకు తెల్సు. ఒక ఉత్తరమేనా రాసుండాల్సింది. నా ఉద్యోగం గురించి బయపడినాను. మీరు ఓటేసినారు, నాను ఉత్తరం రాయనేదు. ఇద్దరివీ కలిస్తే ఈ ముప్పయ్యొక్క మాటలు."

రెండున్నరకి పట్టీ బిగిసింది. మళ్ళీ ఇద్దరం వాల్వులు పట్టుకున్నాం. పావు తిప్పు, ఆగడం, పావు తిప్పు. గంట పట్టింది. అతుకు నిలిచింది. మీటరులో ఉప్పు నెమ్మదిగా దిగడం మొదలైంది.

మనిషి నీళ్ళలోంచి పైకొస్తే నియమం అయిపోతుంది, ఫోను పెట్టెయ్యాలి. వైర్లెస్సులో కోదండాన్ని అడిగాను, "పైకొచ్చీసినావా?"

"ఒక కాలు పడవలో ఉందప్పా," అన్నాడు. ఆయాసపడుతున్నాడు, చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. "రెండోది ఇంకా నీల్లలోనే ఉంది. మాటాడుకోండి."

ఇంకో పది నిమిషాలు మాట్లాడుకున్నాం. ఆ మాటలు ఇక్కడ రాయను.

1,141వ రోజు

ఉప్పు పావు గ్రాము. విచారణకి రాజధాని వెళ్ళాను. అయిదుగురు కూర్చున్నారు. అనుమతి లేకుండా విదేశంతో చర్చలు జరిపావా అని అడిగారు. జరిపాను అన్నాను. దేని గురించి అన్నారు. గొట్టం గురించి, మోకాలి నొప్పి గురించి అన్నాను. చివర కూర్చున్న అపరంజి తల వంచుకుని ఏదో రాసుకుంది. నాలుగో నియమం అడ్డొచ్చి జైలు తప్పింది. స్టేషను మాత్రం పోయింది. నన్ను రేవు గిడ్డంగికి మార్చారు. కోదండానికి ఆర్నెల్లు ఈత నిషేధం.

మా మంత్రి సొంత బలంతో బాగుచేసుకున్నామని ప్రకటించాడు. కూటమి తన ఉదారత అని ప్రకటించింది.

1,188వ రోజు

చంద్రకాంతం ఆడపిల్లని కంది. ఇద్దరూ క్షేమం. కోదండం పిల్లని నా ఒళ్ళో పెట్టి, ఈత నిషేధం ఉంది కాబట్టి ఇంట్లోనే ఉంటున్నానని, ఇది శిక్షో సెలవో తెలియడం లేదని అన్నాడు.

ఎన్నికలయ్యాయి. పాత ప్రభుత్వమే, మెజారిటీ తగ్గింది. గెలిచాక సంతకానికి భయం పోయినట్టుంది. నీటి ఒప్పందం కుదిరింది. కోర్టు బదులు రెండు వైపుల నుంచీ చెరో ముగ్గురు పెద్దమనుషులట. గొట్టం నిండా నీళ్ళొస్తున్నాయి. స్టేషన్లలో ఇక మనుషులు అక్కర్లేదట, రెండు యంత్రాలే ఒకదానికొకటి చెప్పుకుంటాయి. లైంగ్ గారిని లోపల కొండల్లో సరస్సు కాపలాకి మార్చారని అపరంజి కబురు పంపింది. అక్కడికి ఫోను లైను లేదు.

1,226వ రోజు

ఒప్పందంలో ఇంకో ముక్క ఉంది. మిత్తలా వెళ్ళడానికి ఏడాదికి రెండు వందల మందికి అనుమతి ఇస్తారు. ఈవేళ గిడ్డంగికి సెలవు పెట్టి కార్యాలయానికి వెళ్ళాను. పెద్ద క్యూ. కౌంటరులో గుమాస్తా నా కాగితం చదివి ఒక గడి చూపించాడు. అది నేను ఖాళీగా వదిలేసిందే.

"ఈ లైంగ్ అనే ఆయన మీకు ఏమవుతారమ్మా?"

బంధువు అయితే బంధుత్వం రాయాలి. వ్యాపారం కాదు, వైద్యం కాదు, చదువు కాదు. వెనకవాళ్ళు విసుక్కుంటున్నారు. కాగితం పట్టుకుని పక్కకొచ్చి బల్ల మీద కూర్చున్నాను.

కూటమిలో ఉన్నప్పుడు మిత్తలాకి ఆదివారం పడవ ఉండేది. మూడు గంటల ప్రయాణం. అనుమతి అక్కర్లేదు, ఏమవుతారని అడిగేవాడు లేడు. పదహారేళ్ళు ఆ పడవ మా రేవు నుంచే వెళ్ళింది. నేను మిద్దె మీద బట్టలారేస్తూ దాన్ని చూసేదాన్ని. ఒక్కసారీ ఎక్కలేదు. ఎప్పుడైనా వెళ్ళొచ్చులే అనుకున్నాను.

మళ్ళీ కౌంటరు దగ్గరికెళ్ళి గడి నింపి ఇచ్చాను. గుమాస్తా పైకే చదివాడు.

"'ఇంకా తెలియదు. వెళ్ళి అడగాలి.'" తలెత్తి నా వైపు చూశాడు. "ఇలా రాస్తే పైవాళ్ళు ఒప్పుకుంటారో లేదోనమ్మా."

"అబద్ధం రాయమంతావా బాబూ?"

గుమాస్తా కాగితం మీద ముద్ర వేసి, మిగతా వాటి మీద పెట్టాడు. తొంభై రోజుల్లో జవాబొస్తుందన్నాడు.

ఇంటికొస్తూ రేవులో ఆగి, మిత్తలాలో ఈ నెలలో చలి ఎలా ఉంటుందని పడవవాళ్ళని అడిగాను.